అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి

మూడెకరాల టమేటా తోటను ఒంటిచేత్తో ఎండబెట్టబోయిన ఘనురాలిని నేనే. దేవుడి దయా, రెడ్డెప్ప ఓపికా కలిసి కాపాడాయి గానీ, లేకుంటే ఆ ఏడు పుంగనూరులోని మా ఇంట్లో చారుకు కూడా కాయ మిగిలేది కాదు.

తొంభైల్లో మాట. పెళ్లయిన రెండో వేసవి. బావి మోటారు మూతకు బోల్టు పట్టే రంధ్రంలో మర, అంటే బోల్టు పట్టుకునే మెలికల గాడి, అరిగిపోయింది. మూత బిగియదు, నీళ్లెక్కవు, తోట వాడిపోతోంది. మామయ్య మదనపల్లె నుంచి మెకానిక్ రెడ్డెప్పను పిలిపించి, మోటారును వసారాలో దించి, నన్ను చూస్తుండమన్నారు. నేను 'కాపలా ఉండమ్మా' అని విన్నాననుకోండి.

రెడ్డెప్ప రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మర కోయడానికి ట్యాప్ దించాడు. వేలెడంత ఉక్కు కడ్డీ, ఒంటినిండా పళ్లు, పైన అడ్డంగా పిడి. అర చుట్టు ముందుకు తిప్పాడు. వెంటనే పావు చుట్టు వెనక్కి. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి.

బడి ముఖం చూడకపోయినా, మా నాయన ఇంట్లోనే లెక్కలు బాగా నేర్పారు. అరలో పావు పోతే పావు. అంటే చేసిన పనిలో సగం తానే చెరుపుతున్నాడు!

"యాలన్నా వెనక్కి తిప్పతాండావు?"

"దాని పద్ధతే అంతమ్మా."

"నూనె యాల పోస్తాండావు?"

"దానికీ దప్పికేస్తాది గదమ్మా."

మధ్యాహ్నం సంగటి దాకా సాగదీసే ఎత్తుగడేనని తేల్చేశాను. అనుమానం పెనుభూతమంటారు, నా భూతానికి పనితనం కూడా ఉంది. రెడ్డెప్పకు పెరట్లో విస్తరి వేసి, వంట చేతులు కొంగుకు తుడుచుకుని వసారాలోకి పరుగెత్తాను. వేంకటేశ్వరస్వామిని తలచుకుని పిడి పట్టాను. ముందుకు, ముందుకు, ఇంకా ముందుకు. బిగుసుకుంది. బలంగా నొక్కాను.

టక్.

సగం ట్యాప్ పిడితోపాటు నా చేతిలో, సగం రంధ్రంలో. చేతిలో ముక్కను మెల్లగా రంధ్రం మీద నిలబెట్టి వచ్చేశాను.

రెడ్డెప్ప వచ్చి పిడి పట్టగానే అది చేతికొచ్చేసింది.

"ఈడికి ఎవురన్నా వచ్చినారామ్మా?"

"పిల్లి దూకినట్టుండాదన్నా."

అప్పుడే మామయ్య వచ్చారు. "ఏమైందప్పా?"

"పిల్లి తిప్పిందంట పెద్దాయనా. ముందుకే తిప్పింది. వెనక్కి తిప్పితేనే గదా లోపల ఇనప తురుము తెగి రాలేది. అది ఇరుక్కొని ట్యాప్ ఇరిగింది." రెడ్డెప్ప పిడిని ఎత్తి చూశాడు. "మీ పిల్లి పసుపు బాగా పూసుకుంటాదే."

పిడికి రెండు కొసలా నా వేలిముద్రలు, పచ్చగా, పొద్దున దంచిన పసుపుతో.

ఆ మహానుభావుడు సన్న ఉలితో విరిగిన ముక్కను వెనక్కి తడుతూ తడుతూ బయటికి తీసి, ఇంకో ట్యాప్‌తో మర కోసేసరికి పొద్దు వాలింది. తోటకు నీళ్లందాయి. నా చేతి సంగటి ఆయన రెండోపూట కూడా తినాల్సి వచ్చింది, అదీ నా వల్లే.

అందుకే దేవుడి దీపం సాక్షిగా ప్రమాణం చేశాను: ఎవరి మీదైనా అనుమానం అర చుట్టు తిరిగితే, పావు చుట్టు వెనక్కి తిప్పుతాను. ఆగలేక చెయ్యి పెడితే మాత్రం, ముందు సబ్బుతో కడుక్కుంటాను.