అక్క ట్రంపెట్‌కి మూడో వాల్వు

అతనికి అమ్మా నాన్నా ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతాల కాగితం మీద తప్ప అది ఎక్కడా అక్కరకు రాలేదు. వర్క్‌షాపులో, వీధిలో, చివరికి అత్తారింట్లో కూడా అందరికీ అతను "ఇంకాస్త". ఏ పనిలో ఉన్నా సరే, "అయిందా?" అని అడిగితే "ఇంకాస్త" అనేవాడు. పెళ్ళినాడు గడ్డం కూడా ఇంకాస్త, ఇంకాస్త అంటూ గీసి చెంప కోసుకున్నాడు. ఫొటోలన్నిట్లోనూ ఒక పక్కకే తిరిగి ఉంటాడు. "ఈయనకి రెండో చెంప ఉందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది" అని భార్య ఇప్పటికీ చుట్టాల ముందు దెప్పుతూ ఉంటుంది. అతనూ నవ్వుతాడు. అతనికి కోపం తెప్పించటం అంత తేలిక కాదు.

పని, ట్రంపెట్లకి వాల్వులు నూరటం. ట్రంపెట్‌ని చూసినవాళ్ళు దాని మెరుపు చూస్తారు. ఇంకాస్త మాత్రం నడుమ నిలబడి ఉన్న మూడు వాల్వు గొట్టాల్నే చూస్తాడు. ఒక్కో గొట్టంలో ఒక్కో పిస్టన్. వేలితో నొక్కితే దిగాలి, వదిలితే అడుగున ఉన్న స్ప్రింగు పైకి తన్నాలి. దిగినప్పుడు పిస్టన్‌కున్న చిల్లులు పక్క గొట్టాల నోళ్ళకి సరిగ్గా ఎదురు రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా లోపలికెళ్ళే గాలి గడప తట్టుకున్నట్టు తడబడుతుంది. గొట్టం ఏ కొసన చూసినా గుండ్రంగా ఉండాలి. పిస్టన్ లోహం ఊదేవాళ్ళ ఉమ్మికి చిలుము పట్టనిదై ఉండాలి. ఇంతవరకూ యంత్రాలు చూసుకుంటాయి. ఆఖర్న పిస్టన్‌కీ గొట్టానికీ మధ్య ఒక నూనె పొర పట్టేంత సందు మిగల్చటం మాత్రం చేతి పని. పిస్టన్‌కి మెత్తటి రాపిడి పేస్టు రాసి, గొట్టంలో తిప్పుతూ, పైకీ కిందికీ ఆడిస్తూ నూరుతూ పోవాలి. తక్కువ నూరితే పట్టేస్తుంది. ఎక్కువ నూరితే గాలి కారిపోతుంది. పోయిన లోహం ఎంత బతిమాలినా వెనక్కి రాదు.

మరి ఇలాంటి పనిలోకి "ఇంకాస్త" అనే మనిషిని ఎవరు రానిచ్చారు అంటారా? ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. నూరేవాళ్ళెవరూ తమ పనికి తాము "చాలు" అనకూడదు. పక్క బల్ల దగ్గరున్న మనిషి పరీక్ష చేసి "చాలు" అనాలి. ఇంకాస్త పక్క బల్ల టప్పు పిన్నిది. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. వాల్వు నొక్కకుండా దాని పక్క గొట్టాన్ని కొంచెం బయటికి లాగి, కాసేపు ఆగి, అప్పుడు నొక్కుతుంది. సందులోంచి గాలి దూరకుండా ఉంటే "టప్" అని గట్టిగా మోగుతుంది. దూరితే చప్పుడే రాదు. ఆ చప్పుడు వింటూ వింటూ ఆవిడ జుట్టు నెరిసింది. పేరు కూడా అదే పడింది. ఇంకాస్త నూరటం, పిన్ని "చాలు నాయనా, ఇక కడుగు" అని కసరటం. ఈ జోడీ చేతుల మీదుగా వెళ్ళిన వాల్వులు వేళ్ళ కింద వెన్నలా ఆడతాయని ఊదేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఇక అక్క సంగతి చెప్పాలి. అమ్మ పనికి పోతే అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఉద్యోగం సిటీ బస్సులో కండక్టరు. ఆవిడ "ముందుకు జరగండి" అంటే బస్సులో వాళ్ళే కాదు, స్టాపులో నిలబడ్డవాళ్ళు కూడా ఒక అడుగు జరిగేవాళ్ళు. ఆవిడ బస్సు రోజూ ఉదయం పార్కు పక్కన ఆగేది. పార్కు బ్యాండువాళ్ళు సాధన చేసే వేళ అది. బస్సు ఆగీ ఆగగానే ఒక పాట మొదలయ్యేది. నెమ్మదిగా ఎత్తుకుని, పైకి పాకి, తీరా అసలు చోటికి వచ్చేసరికి జనం ఎక్కటం అయిపోయేది. అక్క గంట కొట్టాల్సి వచ్చేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పాట సగమే వింది. మిగతా సగం ఎలా ఉంటుందో తెలీదు.

రిటైరైన మర్నాడే పార్కుకి వెళ్ళి బ్యాండు మాస్టారు ఎదుట నిలబడింది.

"నాకు ఆ పాట కావాలి" అంది.

"వింటారా, నేర్చుకుంటారా?" అన్నాడాయన.

"వినటం అయింది. సగం" అంది అక్క.

అలా ఆ వయసులో ట్రంపెట్ పట్టింది. మొదట్లో ఆవిడ ఊదితే ఇరుగూ పొరుగూ కిటికీలు మూసుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత తెరిచి పెట్టటం మొదలెట్టారు. చివరికి మాస్టారే వచ్చే ఆదివారం పార్కులో ఆ పాట అక్కనే వాయించమన్నాడు. బ్యాండు వెనక మెల్లగా ఉంటుంది, ముందు అక్క ఒక్కతే నిలబడి మొదలు నుంచి తుది దాకా వాయించాలి.

చిక్కల్లా ఆవిడ ఉంగరం వేలితో వచ్చింది. మూడో వాల్వు ఆ వేలిదే. టిక్కెట్లు చింపీ చింపీ, కమ్మీలు పట్టుకునీ పట్టుకునీ అది బిర్రబిగుసుకుపోయింది. పాట పైకెక్కే చోట మూడో వాల్వు చకచకా ఆడాలి. అక్క దగ్గరున్న పాత ట్రంపెట్ మొండిది, దాని స్ప్రింగు గట్టిది. మాస్టారు మంచివాడే కానీ మొహమాటం లేనివాడు. "శనివారం సాయంత్రం దాకా చూద్దాం. అప్పటికీ ఆ స్వరాలు తేలకపోతే పాట క్లారినెట్ ఆయనకి ఇస్తాను. ఏమీ అనుకోకండి" అన్నాడు.

అక్క ఏమీ అనుకోనట్టే ఇంటికొచ్చింది. తమ్ముడితో చెప్తూ చెప్తూ మాత్రం కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బస్సు నిండా జనాన్ని గుడ్లురిమి అదుపులో పెట్టిన మనిషి కంట తడి ఇంకాస్త చూడటం అదే మొదటిసారి.

అక్క కోసమని వరండాలో బల్ల వేసుకుని, సెలవు రోజుల్లో అతను తయారుచేస్తున్న ట్రంపెట్ ఒకటి అప్పటికే ఉంది. ఇక దాని మీదే పడ్డాడు. మూడో వాల్వుకి మెత్తటి స్ప్రింగు వేశాడు. మెత్తటి స్ప్రింగుకి పిస్టన్‌ని పైకి తన్నే సత్తువ తక్కువ. కాబట్టి పిస్టన్ ఎక్కడా రాసుకోకుండా జారాలి. నూరాడు. తను నొక్కి చూస్తే పువ్వులా దిగి పువ్వులా లేచింది. సంబరంగా పట్టుకెళ్ళి అక్క చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని ఆవిడ మొహం చూస్తూ "ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది గానీ, నొక్కితే సగంలో పట్టేస్తోందిరా."

వెనక్కి తెచ్చి మళ్ళీ నూరాడు. మళ్ళీ పట్టేసిందంది. మళ్ళీ నూరాడు. వరండాలో "చాలు" అనటానికి పిన్ని లేదు. భార్య ఉంది. ఆవిడ "చాలండీ, అన్నం చల్లారిపోతోంది" అని అరిచింది. అతను దాన్ని అన్నం సంగతి అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న ట్రంపెట్ వర్క్‌షాపుకి పట్టుకొచ్చి, "పిన్నీ, మా అక్కది. ఒక్కసారి చూడు" అని గర్వంగా బల్ల మీద పెట్టాడు. పిన్ని మొదటి వాల్వు చూసింది. టప్. రెండోది, టప్. మూడోదాని గొట్టం లాగి, ఆగి, నొక్కింది. ఏమీ లేదు. మళ్ళీ లాగి నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మిగతా బల్లల దగ్గరివాళ్ళు కూడా చేతులు ఆపి ఇటు తిరిగారు.

"చంపేశావు కదయ్యా పిస్టన్‌ని! దీనికి 'చాలు' ఎవరన్నారు?" అంది పిన్ని.

"ఎవరూ అనలేదు. ఇంట్లో చేశాను."

"అదీ సంగతి! ఎందుకింత అరగదీశావు?"

"నేను నొక్కితే దిగుతోంది పిన్నీ. అక్క నొక్కితే పట్టేస్తోంది."

"అక్క ఎలా నొక్కుతోంది?"

"ఎలా నొక్కటమేంటి, అందరిలాగే. వేలితో."

"చూశావా?"

ఇంకాస్త తల అడ్డంగా ఊపాడు. అక్క మొహం చూశాడు, అక్క కన్నీళ్ళు చూశాడు, వేలు మాత్రం చూడలేదు. పిన్ని ఆ పూట అతన్ని కసరలేదు. అదే అతనికి పెద్ద శిక్ష. "ఏడుపు మొహం తర్వాత పెడుదువుగాని. ముందు పిస్టన్‌ని పూత గదికి పంపు. రేపు పొద్దున్నే మీ అక్కని ఇక్కడికి తీసుకురా" అని మాత్రం అంది.

పూత గదివాళ్ళు అరిగిన పిస్టన్‌కి నికెల్ పూత మందంగా పట్టించి ఇచ్చారు. శనివారం ఉదయం అక్క వర్క్‌షాపులోకి వచ్చింది. వస్తూనే బల్లల మధ్య దారి ఇరుకుగా ఉందని ఇద్దరిని ముందుకు జరిపింది. తమ్ముడు తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విని, చేతిలో ఉన్న సంచీతో వాడి వీపు మీద ఒకటి వేసింది.

"చిన్నప్పుడు పలక మీద అక్షరం దిద్దమంటే పలక అరిగేదాకా దిద్దావు. ఏం మారావురా నువ్వు!" అని పకపకా నవ్వింది. అది విని పిన్నీ నవ్వింది. వాళ్ళిద్దరికీ ఆ క్షణాన్నే స్నేహం కుదిరింది.

పిన్ని అక్కని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, సరిగ్గా పనిచేసే ఒక ట్రంపెట్ చేతికిచ్చింది. "ఊదొద్దు. వేళ్ళు ఆడించు చాలు" అంది. ఇంకాస్త మోకాళ్ళ మీద కూర్చుని, అక్క ఉంగరం వేలుకి మొహం ఆనించినంత దగ్గరగా వచ్చి చూశాడు. ఆ వేలు వంగటం లేదు. కొసతో కాదు, పక్క అంచుతో నొక్కుతోంది. అంటే పిస్టన్ పైన వేలు ఆనే బిళ్ళని కిందికి తోస్తూనే ఒక వైపుకీ తోస్తోంది. పిస్టన్ ఒరిగి గొట్టం గోడని రాసుకుంటోంది. అలా ఒరిగితే ఏ పిస్టన్ అయినా పట్టేస్తుంది. ఎంత నూరినా లాభం లేదు.

"ఓరి నా తెలివీ!" అని తన నెత్తి మీద తనే కొట్టుకున్నాడు. "తప్పు పిస్టన్‌ది కాదు, బిళ్ళది!"

ఇక అతన్ని పట్టుకోవటం ఎవరి తరమూ కాలేదు. లేత్ యంత్రం మీద ఇత్తడి ముక్క బిగించి, మామూలు బిళ్ళ కంటే వెడల్పుగా, గరిటె గుంటలా కాస్త లోతుగా కొత్త బిళ్ళ చెక్కాడు. వేలు ఎటు ఆనినా జారి నడుమకే వచ్చి కూర్చునేలా గుంటని ఒక పక్కకి జరిపాడు. అక్క వేలు పెట్టి చూసింది, కాస్త లోతు కావాలంది. మళ్ళీ చెక్కాడు. ఈలోగా పూత పట్టిన పిస్టన్‌కి పేస్టు రాసి నూరటం మొదలెట్టాడు. అలవాటు కొద్దీ చెయ్యి సాగబోతూంటే పిన్ని గొట్టం లాగి, ఆగి, నొక్కింది.

టప్.

పిన్ని నోరు తెరవబోయి, ఆగింది. "ఈసారి నేను కాదు. నొక్కేది ఆవిడ, ఆవిడే అనాలి" అంది.

పిస్టన్ కడిగి, నూనె రాసి, కొత్త బిళ్ళ బిగించి ట్రంపెట్ అక్క ఒళ్ళో పెట్టారు. అక్క ఉంగరం వేలు గుంటలో పెట్టింది. దించింది, వదిలింది. దించింది, వదిలింది. తర్వాత వేగంగా, ఆపకుండా, బస్సు నిండా టిక్కెట్లు కొట్టేసినంత జోరుగా ఆడించింది. మెత్తటి స్ప్రింగు ప్రతిసారీ వేలి వెంటే పైకి వచ్చింది. ఆవిడ మొహం వికసించింది.

"చాలురా" అంది. "బంగారంలా ఉంది. ఇంక ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను."

ఆ సాయంత్రం మాస్టారు ఆ పైకెక్కే చోటు విని, క్లారినెట్ ఆయన వైపు తిరిగి అడ్డంగా తలూపాడు. క్లారినెట్ ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆయనకీ ఆ చోటంటే దడే.

ఆదివారం ఉదయం పార్కులో బెంచీలు నిండిపోయాయి. ఇంకాస్త ముందు వరసలో కూర్చున్నాడు, ఒక పక్క భార్య, ఒక పక్క పిన్ని. అక్క ముందుకొచ్చి నిలబడి పాట ఎత్తుకుంది. నెమ్మదిగా మొదలై పైకి పాకుతూంటే ఇంకాస్త కళ్ళన్నీ ఆ మూడో బిళ్ళ మీదే ఉన్నాయి. అసలు చోటు వచ్చింది. ఉంగరం వేలు ఆడింది. స్వరాలు ఒకదాని వెంట ఒకటి తేటగా, గాలి కారిన చప్పుడు లేకుండా లేచాయి.

సరిగ్గా అప్పుడే పార్కు పక్క స్టాపులో బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. ఫుట్‌బోర్డు మీద కండక్టరు పిల్ల, అక్క తర్వాత ఆ రూటులోకి వచ్చిన అమ్మాయి, గంట తాడు మీద చెయ్యి వేసింది. అక్క వాయిస్తూనే అటు చూసింది. ఆ పిల్ల ఇటు చూసింది. చెయ్యి తాడు మీదే ఉంది, లాగలేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులో వాళ్ళు ఒక్కొక్కరే కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు.

పాట రెండో సగం మొదలైంది. అక్క ఉద్యోగం చేసినన్నాళ్ళూ వినని సగం అది. బస్సులో వాళ్ళకీ కొత్తే. ఇంకాస్త వాల్వు సంగతి ఎప్పుడు మరిచిపోయాడో అతనికే తెలీదు. బుగ్గలు తడిసిపోయాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. తుది స్వరం ఆగాక చప్పట్లు మోగాయి. బస్సులోంచి కూడా మోగాయి. బస్సు మాత్రం కదల్లేదు.

అక్క ట్రంపెట్ దించి, ఆ కండక్టరు పిల్ల వైపు తిరిగి గట్టిగా, పార్కంతా వినపడేలా అడిగింది.

"ఇంకాస్తా?"

ఆ పిల్ల తాడు వదిలేసి ఫుట్‌బోర్డు మీద కూర్చుంది. పిన్ని ఇంకాస్త చెవిలో, "ఇవాళ నేను చాలు అనను నాయనా" అంది. అక్క పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.