మెడ దాకా చుట్టిన బోర్డు

భవానీపురంలో నా అద్దె సైకిళ్ళ షాపు ముందు ఒక బల్ల ఉండేది. పొద్దున్నే దాని మీద నలుగురు మాజీ సైనికులు వచ్చి కూచునేవారు. నలుగురూ పదాతి దళం వాళ్ళే. ఇప్పుడు ఒక్కరూ లేరు. వాళ్ళ గురించి రాద్దామని కూచుంటే నాకు ముందు గుర్తొచ్చేది వాళ్ళు చేసిన యుద్ధం కాదు, అది నేను చూడలేదు. గుర్తొచ్చేది ఒక ఫ్లెక్సీ బోర్డు. దాని మీద కోపం నాకింకా చల్లారలేదు.

పదాతి దళం అంటే కాళ్ళ మీద నడిచే సైన్యం. విమానాలు పేపర్లో పడతాయి, ట్యాంకులు పడతాయి. వీపున బరువు మోసుకుంటూ కొండెక్కి, గుంట తవ్వుకుని అందులో కూచునేవాడు పడడు. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత చదివిందంతా అద్దె పుస్తకాల షాపు పుణ్యమే. ఆ షాపులో యుద్ధాల మీద ఎన్ని పుస్తకాలు చదివినా జనరళ్ళ పేర్లే కనిపించాయి గాని, గుంట తవ్విన మనిషి మాట ఒక్కచోటా కనిపించలేదు.

మా బల్ల మీది మొదటాయన సినిమాహాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. ఆయన పోతే హాలువాళ్ళు మ్యాట్నీ ఆట కూడా ఆపలేదు. రెండో ఆయన హనుమాన్ జంక్షన్లో కూతురి దగ్గరికి వెళ్ళి అక్కడే కన్ను మూశాడు. మాకు కబురు తెలిసేసరికి దినం కూడా అయిపోయింది. ఇది తొంభైల నాటి మాట.

మిగిలిన ఇద్దరూ ఒకే కంపెనీలో కలిసి పనిచేసినవాళ్ళు. ఒకాయనది ఉయ్యూరు దగ్గర చెరుకు రైతుల కుటుంబం. చేతి మీద రెండు చారల నాయక్‌గా రిటైరై వచ్చి, కల్యాణమండపంలో వాచ్‌మెన్‌గా చేరాడు. ఇంకొకాయన విజయవాడ ముస్లిం, మూడు చారల హవల్దారు. వచ్చాక వాళ్ళన్నగారి పరుపుల కొట్లో కూచునేవాడు. మేం వాళ్ళని నాయక్ గారు, హవల్దారు గారు అనే పిలిచేవాళ్ళం.

"ఏం నాయక్, రాత్రి మండపంలో ఏ దేశం మీద గెలిచావ్?" అని అడిగేవాడు హవల్దారు గారు.

"పెళ్ళికొడుకు మేనమామ కారు గేటుకి అడ్డంగా పెట్టాడు. కాసేపు పోరాడి లొంగిపోయాడు" అనేవాడు నాయక్ గారు.

ఎదురుగా ఉన్న టీ కొట్టువాడు కూడా నవ్వేవాడు. అంతకు మించి సైన్యం ఊసు వాళ్ళ నోట వచ్చేది కాదు.

ఉత్తరాన కొండల్లో యుద్ధం జరిగిన వేసవిలో ఊరు ఊరంతా ఊగిపోయింది. లారీలకు జెండాలు కట్టారు, సెంటర్లో మైకులు పెట్టారు. అంతవరకు ఈ ఇద్దరి వంకా తిరిగి చూడనివాళ్ళు వచ్చి, సన్మానం చేస్తామని ఒక హాలుకి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. నాయకుడు వచ్చేదాకా స్టేజీ మీద వెనక వరస కుర్చీల్లో కూచోబెట్టారు. ఆయన వచ్చాక నాయక్ గారికి శాలువా కప్పి ఫోటో తీసి, అదే శాలువా విప్పి హవల్దారు గారికి కప్పి ఇంకో ఫోటో తీశారు. ఆ తర్వాత మైకు పట్టుకున్న లెక్చరరు గారు నాయక్ గార్ని అడిగాడు.

"మీరు యుద్ధంలో ఎంతమందిని చంపారో మన యువతకి చెప్పండి సార్."

ఆయన మైకు వంక చూశాడు. "నేను ఎక్కువగా గుంటలు తవ్వానండి" అన్నాడు.

జనం నవ్వారు. లెక్చరరు గారు గబుక్కున మైకు లాక్కుని పాట పెట్టించాడు. నాయక్ గారు నిజమే చెప్పాడు. వాళ్ళకు కావలసింది నిజం కాదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నాయక్ గారు పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలిన మనిషి మళ్ళీ లేవలేదు. కొడుకు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో పనిచేసేవాడు. మంచివాడే, తండ్రంటే ప్రాణం. పెద్దకర్మకి వీధి మొగలో పెద్ద ఫ్లెక్సీ కట్టాలనుకున్నాడు. అప్పటికి మా పేటలో పుట్టినరోజైనా, చావైనా ఫ్లెక్సీ లేకుండా జరగడం లేదు.

చిక్కంతా ఫోటో దగ్గర వచ్చింది. ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్ళు జొరబడి, నాయక్ గారి ట్రంకుపెట్టె నానిపోయింది. యూనిఫాంలో ఉన్న ఒక్క ఫోటో అందులోనే పోయింది. మిగిలింది వాచ్‌మెన్ గుర్తింపు కార్డు మీది బొమ్మ. దాన్ని తీసుకెళ్తే ఫ్లెక్సీ షాపువాడు, మిలటరీ ఆయన కదా, మన దగ్గర డ్రెస్సు రెడీగా ఉంది, తల తగిలిస్తే సరిపోద్ది అన్నాడట.

పెద్దకర్మ రోజు పొద్దున నేను వెళ్ళేసరికి షామియానా ముందు ఆ బోర్డు నిలబడి ఉంది. నిలువెత్తు ఆఫీసరు. భుజాల మీద నక్షత్రాలు, చంకలో పొట్టి బెత్తం, ఛాతీ నిండా వరసలు వరసలుగా పతకాలు. వెనక ట్యాంకులు, పైన విమానాలు. ఆ కాలరులోంచి మా నాయక్ గారి తల పైకొచ్చి ఉంది, గెడ్డం గీసుకోని మొహంతో. బూట్ల కింద ఎర్రటి అక్షరాలతో 'అమర వీరుడు' అని రాశారు. మంచం మీద పోయాడయ్యా ఆయన. మంచం మీద పోవడం తప్పు కూడా కాదు.

హవల్దారు గారు తెల్లచొక్కా వేసుకుని, జేబులో నమాజు టోపీ పెట్టుకుని వచ్చాడు. బోర్డు చూసి రోడ్డుకి అవతల కిళ్ళీకొట్టు దగ్గరే ఆగిపోయాడు. నేను రోడ్డు దాటి వెళ్ళాను.

"రండి, లోపలికి పోదాం" అన్నాను.

"ఇవాళ పెద్దకర్మ ఎవరిదండీ?"

"అదేంటండీ, మన నాయక్ గారిదే కదా."

"మరి అక్కడ నిలబెట్టిందెవర్ని? ఆ ఆఫీసరెవరో నేనెరగను."

కొడుకు మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి బాబాయ్, ఎండలో నిలబడ్డారు? రండి."

"ఏరా, మీ నాన్న కెప్టెనెప్పుడయ్యాడు? నాతో ఒక్కమాట కూడా చెప్పలేదే."

"షాపువాడి దగ్గర ఆ డ్రెస్సొక్కటే ఉంది బాబాయ్. ఇంకోటి ఉంది గాని, అది పోలీసుది."

హవల్దారు గారు నవ్వలేదు. "ఆ ఛాతీ మీద పైవరసలో చివర్న ఉన్న రిబ్బను చూడు. అది ధైర్యానికిచ్చే పతకం. నేనూ మీ నాన్నా ఉన్న సెక్షన్లో, పదిమందిలో ఒక్కడికే వచ్చింది. తీసుకోడానికి వాడు లేడు, వాళ్ళమ్మ వచ్చి తీసుకుంది. దాన్ని నువ్వు మీ నాన్న జేబుకి తగిలించావు."

కుర్రాడి మొహం ఎర్రబడింది. "నాకేం తెలుసు బాబాయ్? చిన్నప్పట్నించీ నన్ను వాచ్‌మెన్ కొడుకనే పిలిచారు. ఒక్కరోజు మా నాన్నని పెద్దగా చూపిస్తే ఎవరికి నష్టం?"

"నాకు కోపం లేదురా. ఆ బోర్డు ముందుకొచ్చి దండం పెడితే ఎవరికి పెట్టినట్టు? అది ఉన్నంతసేపు నేనిక్కడే ఉంటాను."

మాట లోపలికి వెళ్ళింది. కాసేపటికి నాయక్ గారి భార్యే బయటికొచ్చింది. అలాంటి రోజున గడప దాటకూడదని ఆడవాళ్ళు ఆపబోయినా ఆగలేదు. రోడ్డు దాటి వచ్చి హవల్దారు గారి ముందు నిలబడింది.

"అన్నయ్యా, ముప్పొద్దులా ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషిని ఒక్కళ్ళూ కారు ఆపి పలకరించలా. పొద్దున్నించి మా పుట్టింటోళ్ళు ఆ బోర్డు చూసి, అమ్మో, ఇంత పెద్దాయనా అంటున్నారు. ఆ మాట వింటుంటే నా కడుపు నిండింది. ఈ ఒక్కపూట ఉండనివ్వండి."

అంతసేపూ హవల్దారు గారి పక్షాన ఉన్న నేను, ఆ మాటతో ఆమె వైపు జరిగాను. ఆమెకి కావలసింది ఆయనకి రావలసిందే. అది ఇవ్వని ఊరిని వదిలేసి ఆమెని ఎలా తప్పుపడతాం?

"అమ్మా, వాళ్ళు మెచ్చుకునేది ఆ డ్రెస్సుని" అన్నాడు హవల్దారు గారు మెల్లగా. "రేపు బోర్డు విప్పేస్తారు. ఆ మెప్పు దాంతోనే పోద్ది. ఆయనకేం మిగల్దు."

ఆమె వెనక్కి తిరిగి చాలాసేపు బోర్డు వంక చూసింది.

"మొహం ఆయనదే కదా?"

"ఆయనదేనమ్మా."

"అయితే మొహం ఉంచి, కిందదంతా కోసెయ్యండిరా."

ఉయ్యూరు నించి వచ్చిన ఆమె అన్నగారు గాబరా పడ్డాడు. "అవేం మాటలమ్మా? పెద్దకర్మ నాడు మనిషి పీక దగ్గర కత్తి పెడతారా? బావగారు ఒకసారి పోయారు చాలదా?"

"కొయ్యొద్దంటే చుట్టండి. చాప చుట్టినట్టు చుట్టండి."

కొడుకు స్టూళ్ళు తెచ్చి ఇద్దరు మనుషుల సాయంతో కింద నించి చుట్టడం మొదలెట్టాడు. ముందు అమర వీరుడు పోయాడు. తర్వాత బూట్లు, బెత్తం, పతకాల వరసలు, చివరికి భుజాల మీది నక్షత్రాలు లోపలికి వెళ్ళాయి. గెడ్డం కింద పురికొసతో గట్టిగా కట్టారు. మిగిలింది కల్యాణమండపం గేటు దగ్గర మేం రోజూ చూసిన మొహం, దాని పైన కాస్త ఆకాశం. విమానం రెక్క ఒకటి ఓ మూల మిగిలిపోయింది గాని ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు హవల్దారు గారు రోడ్డు దాటాడు. బోర్డు ముందు మడమలు కలిపి, చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. జనం చుట్టూ చేరి చూస్తున్నారు.

"సెల్యూట్ కొట్టలేదేంటండీ?" అన్నాడు అన్నగారు.

"నెత్తిన టోపీ లేకుండా కొట్టకూడదండి."

"మీ జేబులో ఉందిగా టోపీ?"

"అది ఇంకో పెద్దాయన ముందు నిలబడ్డానికి."

భోజనాలయ్యాయి. బోర్డు ఏమైందని చుట్టాలు గుసగుసలాడుకుంటూనే తిని, తాంబూలాలు తీసుకుని వెళ్ళారు. వంటవాళ్ళు గంగాళాలు కడుగుతుంటే నేనూ హవల్దారు గారూ షామియానా కింద కూచున్నాం. ఆమె మజ్జిగ గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టి, గుంజ దగ్గర చతికిలబడింది.

"అన్నయ్యా, నాకు తెలీక అడుగుతాను. మీ సెక్షనులో కుర్రాడికి పతకం వచ్చిందన్నారట, ఈయన్ని కూడా కలిపి చెప్పారని మావాడు అన్నాడు. ఈయన పని స్టోర్సులో కదా?"

"స్టోర్సా?"

"బియ్యం మూటలు లెక్కపెట్టి ఇచ్చే పనని జాబుల్లో రాసేవారు. అప్పుడు నేను మా పుట్టింట్లో ఉన్నాను. మా నాన్న చదివి వినిపించేవారు. యుద్ధమప్పుడు కూడా అదే రాశారు. ఇక్కడంతా నీడ పట్టునే, భయం లేదని."

హవల్దారు గారు గ్లాసు కింద పెట్టాడు. హవల్దారు గారు ఔనంటే బాగుండునని నాకనిపించింది. ఆ అబద్ధం నాయక్ గారిదే. దాన్ని ఆయన బతికున్నన్నాళ్ళూ కాపాడుకున్నాడు. బోర్డు మీది డ్రెస్సులాగా ఇంకెవరో తొడిగింది కాదు.

"ఆ బోర్డు నువ్వే చుట్టించావమ్మా" అన్నాడు చివరికి. "ఇంక నేను ఆయన చేత మూటలు లెక్కపెట్టించలేను. స్టోర్సుకీ ఆయనకీ సంబంధం లేదు. మొదట్నించీ ముందు వరసలోనే ఉన్నాడు. చెరుకు తోటల్లో బోదెలు తవ్విన చెయ్యి కదా, అక్కడ రాతిలో గునపం పట్టుకుని తన గుంట అయ్యాక పక్కవాడి గుంట కూడా తవ్వేవాడు. ఆ గుంటల్లో కూచునే మేం బతికాం. పతకం వచ్చిన కుర్రాడు గుంటలోంచి బయటికి వెళ్ళాడు. వాణ్ణి భుజాన వేసుకుని కిందికి తెచ్చింది మీ ఆయనే. ఊపిరుందనే మోశాడు. దింపేదాకా వాడు పోయిన సంగతి తెలీలేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"మా పక్కింటావిడ మొగుడు కూడా మిలట్రీనే. ఆవిడ రేడియో దగ్గర్నించి లేచేది కాదు. అన్నం సయించేది కాదు. నేనే పోయి బతిమాలి తినిపించేదాన్ని, మా ఆయన స్టోర్సులో ఉన్నారు, మీ ఆయన్ని కూడా అక్కడ వేయించుకోమని రాయొచ్చుగా అనేదాన్ని." ఆగి, "ఆ ఏడంతా నేను నిద్రపోయానన్నయ్యా" అంది.

"అందుకేనమ్మా అలా రాసింది."

"ఆఁ."

లోపల కొడుకు తాళ్ళు చుడుతున్నాడు. ఆమె గుంజ పట్టుకుని లేచి వాణ్ణి కేకేసింది.

"ఒరేయ్, అవతల పెట్టి ఇటొచ్చి కూచో. మీ నాన్న ఏం చేసేవాడో మనిద్దరికీ తెలీదు." హవల్దారు గారి వైపు తిరిగింది. "మొదట్నించీ చెప్పండన్నయ్యా. రైలెక్కిన కాడ్నించి."

వాడు వచ్చి తల్లి పక్కన కూచున్నాడు. హవల్దారు గారు మజ్జిగ తాగి, రైలెక్కిన దగ్గర్నించి మొదలుపెట్టాడు.