టీచరుగారి కారు విప్పింది ఎవరు

నాకు మూసిన పెట్టెలంటే పడదు. పొలాల మోటార్లు వైండింగ్ చేసే మనిషిని నేను. నూజివీడు బస్టాండుకు కాస్త ఎడంగా చిన్న షాపు ఉంది. కాలిపోయిన మోటారు వస్తే విప్పడం, నల్లబడ్డ రాగితీగ పీకేయడం, కొత్త తీగ చుట్టి వార్నిష్ పోసి ఆరబెట్టి పంపడం, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. విప్పితే గానీ రోగం తెలియదు, రోగం తెలిస్తే గానీ మందు లేదు. ఇప్పుడొచ్చే స్టార్టర్ పెట్టెల్లో బోర్డు మీద నల్లటి జిగురు పోసి గడ్డ కట్టిస్తున్నారు. పాడైతే పారేసి కొత్తది కొనుక్కోమని దాని అర్థం. అలాంటిది చేతికొస్తే ఒళ్ళు మండిపోతుంది. ఆ రోజు ఇంటికెళ్తే మా ఆవిడ ముందే చెప్పేస్తుంది, పెట్టె మీద కోపం అన్నం మీద చూపించొద్దని.

మా షాపు వెనక వీధిలో ఒక లెక్కల టీచరు గారు ఉంటారు. ముసునూరు దాటాక ఒక హైస్కూల్లో ఉద్యోగం. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళలో బలం లేదు, చంక కర్రలతో నడుస్తారు. ఆవిడకు ఒక ఎలక్ట్రిక్ కారు ఉండేది. బ్రేకు, వేగం అన్నీ చేత్తోనే నడిపేలా స్టీరింగు పక్కన ఒక కడ్డీ బిగించి, ఆర్టీవో ఆఫీసులో ఆ మేరకు రాయించుకున్న కారు. ఒక వానాకాలం బెజవాడలో చెల్లెలింటి ముందు నిలబెడితే రెండు రోజులు నడుం లోతు నీళ్ళలో నానిపోయింది. బ్యాటరీలోకి నీళ్ళు వెళ్ళాయి, మొత్తం మార్చాలి, దానికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్త కారే వస్తుంది అన్నారు కంపెనీ సర్వీసు సెంటర్ వాళ్ళు. ఇన్సూరెన్సు వాళ్ళు పూర్తిగా పోయినట్టే రాసేసి, ఇచ్చిందేదో ఇచ్చి, బండిని ఆవిడకే వదిలేశారు. కొత్తదానికి మళ్ళీ కడ్డీ బిగించడం, మళ్ళీ అనుమతులు, అంత తాహతూ ఓపికా ఆవిడకు లేవు.

ఆటో ఆయన చెయ్యి పట్టుకుని దింపితే మా షాపులోకి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీళ్ళలో మునిగిన మోటారు వస్తే ఏం చేస్తారండీ?" అని అడిగారు.

"విప్పి, కడిగి, ఆరబెడతామండీ."

"నా కారూ మోటారేగా మరి?"

అది వేరండీ అని చెప్పబోయాను. ఆవిడ నన్ను చెప్పనివ్వలేదు.

"ఇరవై ఏళ్ళు ఆటోలెక్కానండీ. ఎక్కేటప్పుడు ఒకళ్ళు చెయ్యి పట్టుకోవాలి, దిగేటప్పుడు ఇంకొకళ్ళు చంకలో చెయ్యి వెయ్యాలి. అందరూ మంచోళ్ళే. ఆ మంచితనమే మొయ్యలేకపోయాను. ఈ కారొచ్చాక నాలుగేళ్ళు ఎవర్నీ పిలవలేదు. నా స్కూలుకి నేను వెళ్ళాను. మళ్ళీ అలా వెళ్ళాలి, అంతే."

ఒప్పుకున్నాను. పక్క షాపు ఆయన నవ్వి, కంపెనీ వాళ్ళే వద్దన్నది నీకెందుకయ్యా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాడు. నిజం చెప్పాలంటే నాది దయ కాదు. మూసిన పెట్టెల్లో అంత పెద్దది నా చేతికి రావడం అదే మొదలు. నాకు దాన్ని విప్పాలనిపించింది.

విప్పాను గానీ భయపడుతూనే విప్పాను. మోటారు దగ్గర మెయిన్ ఆపితే కరెంటు పోతుంది. ఈ బ్యాటరీ పెట్టెకు కరెంటు దాని కడుపులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఫోనులో ఎవరెవరో తీసిన వీడియోలు నెల రోజులు చూశాను. ఉంగరం తీసేసి, రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, కరెంటు దారి తెంచడానికి మధ్యలో ఉన్న ప్లగ్గు లాగి, బోరు మోటార్లు ఎత్తే చైను కప్పీతో పెట్టెను కిందికి దించాను. లోపల ఒక మూల వేలెడెత్తు బురద మరక. ఆ మూల రాగిపట్టీలు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. మిగతాదంతా కొత్తపెళ్ళికూతురిలా మెరుస్తోంది. దీన్ని పట్టుకుని మొత్తం మార్చాలన్నారా అని గట్టిగానే తిట్టాను. షాపులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

చిలుము గీకి, తుడిచి, బోర్డులను మా పద్ధతిలోనే రేకు డబ్బాలో బల్బు వెలిగించి ఆరబెట్టాను. సెల్లు ఒక్కొక్కదానికీ మీటరు పెట్టి చూశాను. అన్నీ ఒక్కటే చూపించాయి. నాలుగు రోజులు ఆగి చూడకూడదా అంది మా ఆవిడ. ఆలస్యం అమృతం విషం అన్నాను. అది నాకు బాగా ఒంటబట్టిన మాట. ఆ సాయంత్రమే పెట్టె ఎక్కించేశాను.

టీచరు గారు వచ్చి కూర్చుని కడ్డీ మీద చెయ్యి వేశారు. కారు చప్పుడు లేకుండా కదిలి వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు స్పానర్లు సర్దుకున్నాను. వీధంతా నావైపు చూస్తున్నట్టు అనిపించింది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అవి ఒంటిపూట బడుల రోజులు. మూడు రోజులు ఆవిడ స్కూలుకి వెళ్ళొచ్చారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను చేశారు.

"మీ బండి ఆగిపోయిందండీ," అన్నారు. మూడు రోజులుగా నా కారు, నా కారు అన్న మనిషి.

మోటారుసైకిలు మీద వెళ్ళాను. ముసునూరు రోడ్డు మీద మామిడి తోట పక్కన కారు నిలబడి ఉంది. తోటలో కాయ కోసే ఆడవాళ్ళు, కాయలు దించి ఖాళీ ట్రేలతో తిరిగొస్తున్న ట్రాక్టరు ఆయన, పది మంది దాకా చుట్టూ మూగారు. ఎండ నెత్తిన కాస్తోంది. ఆవిణ్ణి ఎత్తి చెట్టు నీడన కూర్చోబెడదామని ఇద్దరు ఆడవాళ్ళు చేతులు చాపుతున్నారు.

"నేను దిగనండీ. ఈ కార్లోనే వెళ్ళాను, ఈ కార్లోనే వస్తాను," అన్నారు ఆవిడ.

ట్రాక్టరు ఆయన నావైపు తిరిగి, "ఎవరండీ ఈ బండి విప్పింది? ఆడమనిషిని నడిరోడ్డు మీద వదిలేశాడు," అన్నాడు.

నేనని చెప్పాల్సింది. నా నోట్లోంచి, "బెజవాడలో ఎవరో చేశారంటండీ," అన్న మాట వచ్చింది.

కారు అద్దం దించే ఉంది. ఆవిడ విన్నారు. నావైపు చూడకుండా సీసాలో నీళ్ళు తాగి మూత పెట్టారు.

ట్రాక్టరుకి తాడు కట్టి నూజివీడు దాకా నిదానంగా లాక్కొచ్చాం. అలా లాగకూడదని కంపెనీ పుస్తకంలో రాసుంది, ఆవిడ దిగితే కదా వేరే దారి చూడ్డానికి. స్టీరింగు పట్టుకుని, తల నిటారుగా పెట్టుకుని, ఊళ్ళోంచి అలాగే వచ్చారు. జనం ఆగి చూశారు. నేను వెనక మోటారుసైకిలు మీద తేలు కుట్టిన దొంగలా వచ్చాను. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. బండి ఆగినందుకు కొంత, ఆ మాటకే చాలా.

ఇంట్లో మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను, ఆ ఒక్క అబద్ధం తప్ప. ఆవిడది చాట్రాయి వైపు. పుట్టినప్పటి నుంచీ మామిడి తోటల్లోనే పని, ఇప్పుడూ ఎండాకాలం కాయల షెడ్డులో కాయ ఏరి మాగేస్తుంది.

"ఎన్నో రోజు ఆగింది?" అని అడిగింది.

"నాలుగో రోజు."

పకపకా నవ్వింది. "కోసిన రోజు ప్రతి కాయా పెళ్ళికొడుకేనయ్యా. ఈగ పొడిచిన కాయని ఆ రోజు పట్టుకోమను చూద్దాం, మా అమ్మ వల్ల కూడా కాదు. గడ్డిలో వేసి ఊరుకోవాలి. నాలుగో రోజు దాని సంగతి అదే చెబుతుంది. నువ్వేమో కోసిన రోజే ఏరేసి గంప కట్టేశావు."

కోపం వచ్చింది. తర్వాత అన్నం తింటుంటే ఆవిడ చెప్పిందే నిజమనిపించింది. ఛార్జింగు పెట్టి వెంటనే మీటరు పెడితే మంచి సెల్లు, చెడ్డ సెల్లు ఒక్కటే చూపిస్తాయి. వదిలేసి ఊరుకుంటేనే చెడ్డదాని ఛార్జింగు లోపల్లోపల కారిపోతూ దిగుతుంది.

పెట్టె మళ్ళీ దించాను. సెల్లన్నీ విడదీసి, సమంగా నింపి, షాపులో బల్ల మీద వరసగా పేర్చి, పన్నెండు రోజులు ముట్టుకోలేదు. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. మా ఆవిడ షెడ్డు నుంచి వస్తూ రోజూ తొంగి చూసి, మాగాయా అని అడిగేది. పన్నెండో రోజు మీటరు పెడితే రెండే రెండు సెల్లు దిగాయి. రెండూ బురద మరక దగ్గరివే. బెజవాడ పాత ఇనుము యార్డులో అదే రకం కారు ఒకటి గుద్దుకుని ముక్కు చితికి పడి ఉంటే, దాని బ్యాటరీ లోంచి నాలుగు తెచ్చాను. వాటినీ నింపి పన్నెండు రోజులు అలాగే వదిలేసి, మంచివి రెండు వేశాను.

అన్నీ బిగించి తాళం తిప్పితే కారు కదల్లేదు. తెర మీద ఎర్రగా ఒక గుర్తు, సర్వీసు సెంటర్‌ని కలవండి అని ఒక మాట. రోడ్డు మీద ఆగిన రోజు లోపలి కంప్యూటరు ఆ తప్పు రాసుకుని బండికి తాళం వేసేసింది. రోగం పోయినా తాళం పోలేదు. దాన్ని తీసే లాప్‌టాప్ కంపెనీ వాళ్ళ దగ్గరే ఉంటుంది. తప్పు నాది, తాళం వాళ్ళది, మధ్యలో ఆవిడ మళ్ళీ ఆటో ఎక్కుతున్నారు.

కారును లారీ మీద వేసుకుని బెజవాడ సర్వీసు సెంటర్‌కి ఇద్దరం వెళ్ళాం. అక్కడి మేనేజరు మర్యాదస్తుడే. బయటివాళ్ళు విప్పిన బండి మేం ముట్టుకోమండీ, రూల్సు అన్నాడు.

"కారు ఎవరిదండీ?" అని అడిగారు టీచరు గారు.

"మీదేనండీ."

"తాళం?"

ఆయన బల్ల మీది కాయితాలు సర్దాడు.

"నా కారుకి నాకు చెప్పకుండా తాళం వేశారు, తియ్యమంటే తియ్యమంటున్నారు. అయితే నేను కొన్నానా, అద్దెకి తీసుకున్నానా? తియ్యం అని కాయితం మీద రాసివ్వండి, వెళ్ళిపోతాను."

ఎవరూ రాసివ్వలేదు. ఆవిడా కదల్లేదు. స్కూల్లో పిల్లల్ని ఎలా కూర్చోబెడతారో గానీ, ఆ మధ్యాహ్నం ఆ ఆఫీసునంతా అలాగే కూర్చోబెట్టారు. ఆఖరికి మేనేజరు లోపలికెళ్ళి ఫోన్లు చేసి బయటికొచ్చాడు. బండి ఎవరు విప్పారో, లోపల ఏం మార్చారో చేసినవాడే రాసి సంతకం పెడితే, అన్నీ పరీక్ష చేసి, బాగుంటేనే తాళం తీస్తామన్నాడు.

ఇద్దరూ నావైపు చూశారు. ముప్పై ఏళ్ళలో నేను ఒక్క మోటారు మీద కూడా సంతకం పెట్టలేదు. మా పనిలో చీటీ ఉండదు, నోటి మాటే. రేపేదైనా అయితే ఆ కాయితం పట్టుకుని నా మీదకొస్తారని భయమేసింది. టీచరు గారు సంచీలోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. రాయమనలేదు, వద్దనలేదు.

"తెలుగులో రాయొచ్చాండీ?" అన్నాను.

రాశాను. చిలుము గీకింది, తొందరపడి ఒకసారి తప్పు చేసింది, రెండు సెల్లు ఎక్కడ తెచ్చి వేసింది, పన్నెండేసి రోజులు ఆగింది, అన్నీ. చివర, ఈ పెట్టె విప్పింది నేనే, నా పనిలో తేడా ఉంటే బాధ్యత నాది అని రాసి సంతకం పెట్టాను. వాళ్ళు గంటసేపు పరీక్షలు చేసి తప్పేమీ లేదన్నారు. లాప్‌టాప్ తగిలించారు. నాలుగు నిమిషాల్లో ఎర్ర గుర్తు పోయింది. ఆ నాలుగు నిమిషాల పని కోసం బండి అన్నాళ్ళు పడి ఉంది. తిట్టాలనిపించింది గానీ నవ్వొచ్చింది.

తిరుగు దారిలో ఆవిడే నడిపారు. నూజివీడు వచ్చినా ఆపలేదు. బళ్ళు తెరవడానికి ఇంకా వారం ఉంది, స్కూలు దాకా ఒకసారి వెళ్ళొద్దామన్నారు.

ముసునూరు రోడ్డు మీద ఆ తోట పక్కనే, కాపు చివర కాబట్టి మిగిలిన కలెక్టరు రకం కాయలు ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు. అదే ట్రాక్టరు. ఆయన కారును గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఆవిడ ఆపారు.

"అమ్మయ్య, బాగైందా అమ్మా! ఎవరండీ చేసింది ఈసారి?" అంటూ దగ్గరికొచ్చాడు.

ఆవిడ తన వైపు ఉన్న బటను నొక్కారు. నా పక్క అద్దం కిందికి దిగింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, రోడ్డునే చూస్తూ కూర్చున్నారు.

"నేనేనండీ," అన్నాను. "ఆ రోజు రోడ్డు మీద ఆగేలా చేసిందీ నేనే."