పేజీ పేజీకీ పిలిచే గైడు

తొంభైల చివర్లో, తిరుపతిలో పత్రిక ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీలో చేరాలనుకున్నాను. గైడును నేనే వెతుక్కోవాలి. యూనివర్సిటీ క్యాంటీన్‌లో, నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్న ఒక సీనియర్‌ను అడిగాను.

"మా సారు దేవుడప్పా. ఇన్నేండ్లలో ఒక్క మాట అడగలే," అన్నాడు టీ ఊదుకుంటూ.

"ఎంతవరకు రాసినావు?"

"యాడప్పా, ఇంకా మొదలే పెట్టలే."

"మరి మీ సారు ఎదురు గదిలో ఉండే మేడమ్?"

"ఆయమ్మ కాడికి మాత్రం పోవద్దు సామీ! పేజీ పేజీకీ పిలుస్తాది. రాసిందంతా కొట్టేస్తాది."

నాకు ఆశ పుట్టింది ఆ మాటతోనే. పత్రిక డెస్కులో ఎవరో ఒకరు పక్కన నిలబడి "అయిందా?" అని అడగకపోతే నా చేత ఒక్క వార్తా పూర్తయ్యేది కాదు. దేవుడి దగ్గర చేరితే నేను రాయాలనుకున్న చంద్రగిరి చెరువుల చరిత్రకు కూడా సీనియర్ గతే పట్టేది.

ఆ మధ్యాహ్నమే మేడమ్ గదికి వెళ్లి, రాసుకున్న రెండు పేజీలు ఇచ్చాను. ఆమె మొదటి పేరా మొత్తం అడ్డంగా కొట్టేసి, రెండో పేరా మీద పెన్ను పెట్టారు.

"అసలు సంగతి ఈడ మొదలవతా ఉండాది. మిగతాది ఎప్పుడిస్తావు?"

"రేపు పొద్దున," అన్నాను, డెస్కులో "ఐదు నిమిషాల్లో" అని చెప్పినట్టే.