ఎర్రసిరాకు పడ్డ మార్కులు

పత్రికాఫీసులో ఆయన్ని అందరూ కత్తెర అనేవాళ్లు. ముప్పై ఒక్కేళ్లు డెస్కు దగ్గర కూర్చుని విలేకరులు పంపిన వార్తలు దిద్దడమే ఆయన పని. ఆయన చేతిలో పడితే గంటన్నర ఉపన్యాసం మూడు వాక్యాలై బిక్కుబిక్కుమంటూ బయటికొచ్చేది. పెళ్లికి ముందు భార్య రాసిన ఉత్తరాన్ని కూడా దిద్ది తిప్పి పంపాడట. అయినా ఆవిడ చేసుకుంది, అది ఆవిడ ఓపిక. ఆవిడ చిన్నపిల్లల బళ్లో టీచరు.

పత్రికవాళ్లు ఉన్నట్టుండి డెస్కు ఎత్తేశారు. యాభై ఆరేళ్ల మనిషిని ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. జర్నలిజం పిల్లలకు పుస్తకం చూసి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పనిచేసి చేతులు కాల్చుకున్నవాళ్లు కావాలన్నారు. ఒప్పందం ఏడాదికి. పని నచ్చితే పొడిగిస్తారు, లేకపోతే ఇంటిదారే.

కత్తెర ఉత్సాహంగా చేరాడు. మొదటి పరీక్షలో బస్సు ప్రమాదం వివరాలిచ్చి వార్త రాయమన్నాడు. మర్నాడు పొద్దున్నే ముప్పై ఎనిమిది జవాబుపత్రాలు ముందేసుకుని కూర్చుని, రెండు ఎర్రపెన్నులు అరగదీసి సాయంత్రానికల్లా ముగించాడు.

వారం తిరక్కుండానే శాఖ పెద్దావిడ పిలిపించింది.

“సార్, ముప్పై ఎనిమిది మందికీ పాతికకి ఇరవై దాటించేశారేంటి?”

“అన్నీ బాగున్నాయి మేడమ్. అచ్చుకి పంపొచ్చు.”

ఆవిడ ఒక పత్రం తీసి ముందు పెట్టింది. “ఈ అమ్మాయికి ఇరవై మూడు వేశారు. మీరు కొట్టేసింది పోగా ఇందులో ఆ పిల్ల రాసింది ‘నిన్న’ ఒక్కటే మిగిలింది.”

కత్తెర కళ్లజోడు సర్దుకుని చూశాడు. “ఆ ‘నిన్న’ని కూడా చోటు మార్చాను మేడమ్.”

“మరి మార్కులు ఎవరికేశారు?”

ముప్పై ఒక్కేళ్లలో ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు. డెస్కులో వార్త దిద్దడం, తర్వాత బాగుందో లేదో చూసి పంపేయడం, అంతే. మొదట ఎవరు ఎలా రాశారన్నది తెల్లారేసరికి ఎవరికీ అక్కర్లేదు. ఆయన ఇక్కడా అదే చేశాడు. ముందు దిద్దాడు, తర్వాత చదివాడు, మురిసిపోయి మార్కులేశాడు.

పెద్దావిడ కేకలేయలేదు. పదిహేను రోజుల్లో మళ్లీ పరీక్ష పెడతామంది. పత్రాలు వేరే మాస్టారు దిద్దుతారు. సగం మందైనా గట్టెక్కకపోతే పొడిగింపు కాగితం మీద తను సంతకం పెట్టలేనని చెప్పేసింది.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే భార్య చేస్తున్న పని ఆపి మరీ విన్నది.

“అయితే ముప్పై ఎనిమిది మంది రాస్తే మీరొక్కరే పాసయ్యారన్నమాట.”

“నవ్వకు.”

“నవ్వట్లేదండీ. నేనూ పిల్లల చెయ్యి పట్టుకుని రాయిస్తాను. కానీ ఆ రాతకి మార్కులెయ్యను.”

“మరేం చెయ్యమంటావ్?”

“తప్పెక్కడో అడగండి. అడిగి ఊరుకోండి. ఆ ఊరుకోవడమే మీ వంశంలో లేదు.”

మర్నాటి నుంచి కత్తెర తరగతికి పెన్ను లేకుండా వెళ్లాడు. ఇరవై మూడు మార్కులమ్మాయి ఇంకో ప్రమాదం మీద కొత్త వార్త రాసి పట్టుకొచ్చింది. అది ‘ఆహ్లాదకరమైన వాతావరణంలో’ అని మొదలైంది. ఆయన వేళ్లు బల్ల మీద వర్షం కురిపించాయి.

“ఎంతమందికి దెబ్బలు తగిలాయమ్మా?”

“ఐదుగురికి సార్.”

“ఎక్కడ రాశావ్?”

“చివర్లో సార్.”

“ఆ ఐదుగురిలో ఒకడు మీ అన్నయ్యనుకో. నువ్వు ముందు వాతావరణం చదువుతావా?”

ఆ పిల్ల కాగితం వంక చూస్తూ నిలబడిపోయింది. కత్తెరకు ఒక యుగం గడిచింది. నోటి దాకా వచ్చిన వాక్యాన్ని మందుబిళ్లలా మింగేశాడు. ఆ పిల్ల కాగితం తీసుకుని వెళ్లి మళ్లీ రాసుకొచ్చింది. అలా తొమ్మిదిసార్లు తిరిగింది. మిగతా ముప్పై ఏడుగురితోనూ ఇదే తంతు. పదిహేను రోజుల్లో ఆయన నాలుగు కేజీలు తగ్గాడని ఇంట్లో టీచరమ్మ లెక్క.

మళ్లీ పరీక్ష జరిగింది. పది వస్తే పాసు. జాబితా అంటించిన రోజు కత్తెర వరండాలో నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాడు. ఇరవై ఒక్కమంది. పెద్దావిడ ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టింది. పొడిగింపు మళ్లీ ఏడాదికే.

ఆ అమ్మాయి జాబితా చూసి ఆయన దగ్గరికొచ్చింది.

“అప్పుడు ఇరవై మూడు సార్. ఇప్పుడు పదకొండు.”

“అవి నావమ్మా. ఇవి నీవి.”

“తెలుసు సార్. అందుకే అప్పుడు మా ఇంట్లో చెప్పలేదు.”

ఆ పిల్ల ఫోను తీసి, జాబితాలో తన వరస దగ్గర వేలు పెట్టి ఫొటో తీసుకుంది.