అవ్వ తడిపి ఉంచిన ఆకు

బోధన్‌లో బీడీలు చుట్టే అవ్వ మంగళవారం తెల్లవారకముందే చనిపోయింది. ఆ కబురు మా ప్రాజెక్టు గ్రూపులో వచ్చింది. "అవ్వ పోయింది" అని శ్రీకాంత్ రాశాడు. నేను "సరే" అని పంపి పళ్లు తోముకోవడానికి వెళ్లాను. ఎందుకలా రాశానో తెలియదు. ఏడుపు ఇంకా రాలేదు. ఆ "సరే"ను అవ్వ చూసి ఉంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఆమె మాకు బంధువు కాదు. నిజామాబాద్‌లో డిజైన్ చదువుతున్న మేం ముగ్గురం, అంటే నేను, అఫ్రీన్, శ్రీకాంత్, బీడీలు చుట్టేవాళ్ల నడుం నొప్పి తగ్గించే వస్తువేదైనా తయారు చేయాలని బోధన్ బస్సెక్కాం. మేం తట్టిన మూడో తలుపు అవ్వది. పేరడిగితే, "అవ్వ అనుండ్రి, వాడకట్టంత గట్లనే అంటది" అంది. కాళ్లు చాపి, ఆకూ పొగాకూ ఉన్న చాట ఒడిలో పెట్టుకుని, మాతో మాట్లాడుతూనే చుట్టేది. తునికాకు కత్తిరించేటప్పుడు మాత్రం పలికేది కాదు.

చాట పెట్టుకునేందుకు ఎత్తు బల్ల చేద్దామని వాళ్లిద్దరూ, నడుం ఆనించుకునే పలక చేద్దామని నేను, మూడు వారాలు వాదించుకున్నాం. ముగ్గురూ ఒక్క మాట మీదికి వస్తేనే ముందుకు వెళ్లమన్నారు మా కాలేజీ సారు. చివరికి నేను "సరే" అన్నాను. బల్ల తయారైంది. అవ్వ దాని ముందు కూర్చుని "మంచిగుంది బిడ్డా" అంది. అందరం ఒప్పుకున్నామని నోట్‌బుక్‌లో రాసుకున్నాం.

ఆ నోట్‌బుక్కే అక్కడ మరిచిపోయి, గంట తర్వాత నేనొక్కదాన్నే వెనక్కి వెళ్లాను. బల్ల మీద మంచినీళ్ల బిందె ఉంది. అవ్వ కిందే కూర్చుని, ఒడిలో చాటతో చుట్టుకుంటోంది.

"దొరికిపోతి" అని నవ్వింది. "కష్టపడి మోసుకొచ్చిండ్రని మంచిగుందన్న. అంత ఎత్తు మీద చెయ్యి ఆడుతలేదు. మరి నువ్వేమన్నవే?"

"సరే అన్న అవ్వా."

"మనసుల ఉండెనా?"

"లేకుండె."

"ఇగ ఇద్దరం ఒక్కటే, అబద్ధాలోళ్లం."

ఆ వారం ఆదివారం ముగ్గురినీ పిలిచింది. గోడవారగా ఉన్న తడి గోనెమూటను చూపించింది. "ఎండాకు చుడితె పలుగుతది. తడిపి కట్టిపెట్టాలె, మెత్తవడనియ్యాలె. మీరు ఎండాకు చుట్టిండ్రు."

"గంత సేపు ఆగితె మాకు మార్కులు పోతయి అవ్వా" అన్నాడు శ్రీకాంత్.

"నా నడుముకు లేని తొందర నీకెందుకు రా?"

ఆ రోజు ఒక్కొక్కరిని గంటసేపు తన చోట కూర్చోబెట్టి, ఒడిలో చాట పెట్టింది. తన వంతు అయ్యాక అఫ్రీన్ లేవలేకపోయింది. "నడుం కాదు అవ్వా, ముందు మోకాళ్లు పోయినయి" అంది. మోకాళ్ల సంగతి మాలో ఎవరమూ అడిగి ఉండలేదు. ఎవరి పట్టుదల వాళ్లం వదిలేశాం. నడుం వెనక వాలు పలక, మోకాళ్ల కింద మెత్త చేద్దామనుకున్నాం. ఈసారి ఒకరి కోసం ఒకరు కాదు, ముగ్గురం మనసారా ఒప్పుకున్నాం.

పలక ఎంత వాలుగా ఉండాలన్నదొక్కటే మిగిలింది. నమూనా చేసి తర్వాతి ఆదివారం అవ్వకు ఇచ్చి వచ్చాం. "రెండు దినాలు కూసుండి చెప్త. ఈపారి అబద్ధం చెప్ప" అంది.

మంగళవారం మేం చేరేసరికి అవ్వను తీసుకెళ్లిపోయారు. నమూనా గోడకే ఉంది. "నిన్న పొద్దుమూకేదాంక దానికే ఒరిగి కూసున్నది" అంది అవ్వ కోడలు.

"ఏమన్న అన్నదా అక్కా?"

"పోరలొస్తరు, వాళ్లకే చెప్తనన్నది."

శనివారం ప్రాజెక్టు సారుకు ఇచ్చేయాలి. బయటికి వచ్చాక, "గిట్లనే ఇద్దామా?" అన్నాడు శ్రీకాంత్. నా నోటి దాకా వచ్చిన "సరే"ను ఈసారి మింగేశాను.

గడప పక్కన గోనెమూట ఉంది. ముందురోజు సాయంత్రం అవ్వ తడిపి కట్టింది. అఫ్రీన్ వంగి ముడి కొంచెం వదులు చేసి ఒక ఆకు తీసింది. వేలి చుట్టూ తిప్పింది. పలగలేదు. మళ్లీ లోపల పెట్టి, అవ్వ కట్టినట్టే కట్టింది. ముగ్గురం ఆ మూట పక్కనే కూర్చున్నాం. దాని కింద నేల ఇంకా తడిగా ఉంది.