సిస్టర్ చెప్పని అబద్ధం

కూర్మన్నపాలెంలో లారీలు బాగుచేసే షెడ్డు పక్కనుంచి నడిస్తే గ్రీజు వాసన వస్తుంది. ఇవాళ పొద్దున్న ఆ వాసన తగలగానే నా కళ్ల ముందు ఒక చెయ్యి లేచింది. ఎండలో, అరచెయ్యి నాకేసి తిప్పి, ఆగమన్నట్టు. ఆరేళ్లయినా ఆ చెయ్యి పాతబడలేదు. అలాంటప్పుడు రోడ్డు పక్కనే నిలబడిపోయి సావిత్రి సిస్టర్‌ని తలుచుకుంటాను.

ఆవిడ మా ఇనుప యార్డు దగ్గర చిన్న క్లినిక్‌లో నర్సు. నేను ఆ యార్డులో క్రేను ఆపరేటర్ని. కింద నిలబడ్డ ఖలాసీ చేతి సైగను బట్టి బరువు దించాలి. పైనున్నవాడికి సొంత తెలివి పనికిరాదు, ఆ చెయ్యే వేదవాక్కు. ఒక మధ్యాహ్నం గొలుసు తెగి, కడ్డీల కట్ట మా ఖలాసీ అప్పలరాజు మీద పడింది. ఒక కాలు తీసేశారు. విచారణలో గొలుసుదే తప్పన్నారు. కానీ అతను ఆగమని చెయ్యెత్తడం నేను చూశాను, చూసి కూడా ఆపలేదు. అదీ నా నమ్మకం. క్రేను ఎక్కబోయి నిచ్చెన దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఇక ఆ పని మానేద్దామనుకున్నాను.

ఒకరోజు బీపీ చూపించుకోవడానికి వెళ్లి సిస్టర్‌కి అంతా చెప్పి ఏడ్చేశాను. ఆవిడది పెద్ద నోరు. ఇన్నాళ్లూ చెప్పనందుకు ముందు తిట్టి, తర్వాత టీ తెప్పించి, ఆ చెయ్యి నిజంగానే చూశావా అని అడిగారు.

"కళ్లకి కట్టినట్టు కనబడతంది సిస్టర్. అబద్దం ఎలాగవుద్ది?" అన్నాను.

"కళ్లకి కట్టిందల్లా నిజమేటి బాబూ? బయమేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అని ఊరతాయి. ఎదర కనబడ్డదాన్ని అవి గట్టిగా అచ్చేసేత్తాయి. ఏది ముందో ఏది ఎనకో మాత్రం సరిగ్గా అతకదు. అందుకే ఆ బొమ్మ యేలాపాలా నేకుండా, ఇప్పుడే జరిగినట్టొచ్చి పడతాది."

"అయితే నా తప్పు నేదంటారా?"

"నాకేటి తెలుసు? నాను అక్కడున్నానా? ఆ బొమ్మని సాచ్చిగా నిలబెట్టకు, అంతే. అడగాల్సినోడు, ఆ అప్పలరాజు, పెందుర్తిలో ఉన్నాడు కదా, ఎల్లి అడుగు."

ఓదార్చడానికైనా ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు అందుకే నాకు కోపం వచ్చింది. లేదులే బాబూ అని ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయింది అనుకున్నాను.

పెందుర్తి వెళ్లడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పలరాజు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలెత్తకుండానే అడగాల్సింది అడిగేశాను. అతను పక్కనున్న స్టూలు నాకేసి తోశాడు.

"సెయ్యెత్తేనో నేదో నాకే తెలీదు బావా. నాకు గొలుసు తెగిన సప్పుడొక్కటే ఇనబడతాది. ఇంట్లో గిన్నె పడ్డా అదిరిపడతన్నాను. తప్పు సైగ సేసి నానే మీదకి దించుకున్నానేమో, నీ ఉజ్జోగం కూడా పోగొట్టేనేమో అని నీకు ఫోను సెయ్యలేకపోయేను."

తప్పు నాదని నేను, తనదని అతను, అన్ని నెలలూ చెరో ఇంట్లో కుమిలిపోయాం. ఆ సాయంత్రం ఇద్దరం సిగ్గు లేకుండా ఏడ్చాం. తర్వాతి వారం నేను క్రేను ఎక్కాను.

సిస్టర్ కిందటేడు పోయారు. తప్పెవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని ఒప్పుకుని బతకడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అప్పలరాజూ నేనూ ఫోన్ చేసుకుంటూనే ఉంటాం. "సెయ్యొచ్చిందా బావా?" అని అతను అడుగుతాడు. "సప్పుడొచ్చిందా?" అని నేను అడుగుతాను. రాలేదని అతనన్న రోజు నాకు అన్నం సయిస్తుంది.